కైండ్లీ రిమూవ్

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో ఎవరికైనా ఇంగ్లీషు వచ్చిందనాలంటే అర్జీ రాయడం వచ్చి ఉండాలి. మా నాన్నగారికి ఆర్డీవో ఆఫీసు ఎదురుగా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కృష్ణదేవిపేట నుంచీ, ఆ పైనున్న ఏజెన్సీ ఊళ్ళ నుంచీ వచ్చినవాళ్ళు బల్ల మీద కూర్చుని గోడు వెళ్ళబోసుకుంటే, ఆయన దాన్ని వినయం ఉట్టిపడే ఇంగ్లీషులోకి మార్చి టకటకా కొట్టేవారు. వాక్యానికో 'కైండ్లీ' పడాల్సిందే. (చర్చిలో ఆయన చేసే ప్రార్థన కూడా అర్జీలాగే ఉంటుందని మా అమ్మ నవ్వేది.) నా ఇంగ్లీషంతా ఆ బల్ల దగ్గర నేర్చుకున్నదే.

కంప్యూటర్ల డిగ్రీ అయ్యాక బస్సుల కాంప్లెక్స్ దగ్గరున్న ఇంటర్‌నెట్ సెంటర్లో పనికి కుదిరాను. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో అక్కడ నాకో వింత దొరికింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళ ఫైళ్ళు వెతికి, సర్ది, అక్కర్లేనివి తీసేసే ఒక చిన్న సాధనం. సముద్రాల అవతల ఎవరో ఒక పెద్దాయన దాన్ని తయారుచేసి, 'ఎవరైనా ఊరికే వాడుకోండి, చేతనైతే బాగుచేయండి' అని లోకానికి వదిలేశారు. ఊరికే! మా వీధిలో నిచ్చెన ఎరువడిగితే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. అయితే దాన్నెలా వాడాలో చెప్పే మాన్యువల్ మాత్రం చిందరవందరగా ఉండేది. నేను తప్పులు దిద్ది పంపడం, ఆయన మెచ్చుకోవడం కొన్నాళ్ళు సాగాక, 'ఇకమీదట మాన్యువల్ మీదే, నన్నడగకుండా మార్చుకోండి' అని మెయిలు రాసి, సాధనం తయారుచేసినవాళ్ళ పట్టికలో నా పేరు చేర్చారు. ఒళ్ళు జలదరించింది. నాన్నగారైతే ఆ మెయిలు ప్రింటు తీయించి ఇన్‌స్టిట్యూట్ గోడకి అంటించి, అర్జీకొచ్చిన ప్రతివాళ్ళకీ చదివి వినిపించారు.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను రాసిందేమిటో చూస్తానని ఆయన ఓ రోజు నాలుగు పేజీలు తెప్పించుకుని, రెండు లైన్లకే కళ్ళజోడు తీసేశారు.

"ఏటే ఇది? 'రిమూవ్ ద ఫైల్' అని రాసీసేవు! సదివేవోడు నీ పాలేరేటి?"

"మాన్యువల్సన్నీ అలాగే ఉంటాయి నాన్నా."

"ఉంటే ఉండనీ. ఎవులు సదువుతారో తెలీనప్పుడు పెద్దోలే సదువుతారనుకుని రాయాల. బేగెల్లి మార్సీ!"

ఆ మాట నాకు నిజమే అనిపించింది (ఇప్పటికీ అనిపిస్తుంది). మర్నాడు సెంటరుకి పోయి, మాన్యువలంతటా 'రిమూవ్' అని ఉన్న ప్రతిచోటా 'కైండ్లీ రిమూవ్' అని ఒక్క దెబ్బతో మార్చేశాను. 'ఫైండ్'కీ 'షో'కీ కూడా అదే మర్యాద. తీరా చూస్తే, ఆ సాధనానికి ఇచ్చే ఆజ్ఞలు కూడా సరిగ్గా ఆ మాటలే. మనుషులకి చెప్పే వాక్యాల్లో దూరిన 'కైండ్లీ', కంప్యూటర్లో ఉన్నదున్నట్టు కొట్టాల్సిన ఆజ్ఞల్లోకీ దూరింది. ఒక్క పేజీ అయినా తిరిగి చూసుకుంటే కదా!

రెండు రోజుల తర్వాత మెయిలు తెరిస్తే ఫిర్యాదులే ఫిర్యాదులు. నేను పేరైనా వినని ఊళ్ళలో జనం నేను రాసింది రాసినట్టు కొట్టారట. 'కైండ్లీ' అంటే ఏమిటో తనకి తెలియదని సాధనం మొండికేసిందట. 'మూడుసార్లు మర్యాదగానే అడిగాను, వినడం లేదు' అని ఒకాయన వాపోయాడు. నిజం చెప్పొద్దూ, భయం కన్నా ముందు నాకు ఆశ్చర్యమే కలిగింది. నేనిక్కడ కూర్చుని ఏది కొడితే ప్రపంచంలో ఇంతమంది అది కొడతారా! ఆ వెంటనే భయమూ వచ్చింది. పట్టికలోంచి నా పేరు తీసేస్తారు. గోడ మీద ఆ మెయిలుంది. నాన్నగారు రేపు అక్కడ తలెత్తుకుని ఎలా కూర్చుంటారు?

"ఏటమ్మా, అలాగయిపోనావు? కరెంటు ఉంది కదా!" అన్నాడు నేను బాబాయి అని పిలిచే సెంటరు ఓనరు.

పాత మాన్యువల్ మళ్ళీ పెట్టాలని కూడా తోచలేదు. ఇంట్లో నేర్చిన విద్యే కాబట్టి, పెద్దాయనకి నిలువెత్తు అర్జీ రాశాను. జరిగిందంతా, నాన్నగారి మాటతో సహా విన్నవించుకుని, చివర 'కైండ్లీ రిమూవ్ మై నేమ్' అని ముగించాను.

మర్నాటికి జవాబొచ్చింది. 'మీ పేరు తీయను. ఇన్నేళ్ళుగా మేమంతా దీనికి ఆజ్ఞలే ఇస్తున్నాం. ఒకరు మర్యాదగా అడిగితే దానికి అర్థం కాలేదంటే, ఆ తప్పు నా సాధనానిది. దిద్దాను. మాన్యువల్ మాత్రం ఈసారి మీరే లైను లైనూ చదివి సరిచేయండి.'

ఆయన దిద్దిన సాధనం తెచ్చుకుని కొట్టి చూశాను. 'కైండ్లీ' అన్నా సాధనం కిక్కురుమనకుండా పని చేసిపెట్టింది. అంతటి మనిషి, నర్సీపట్నం పిల్ల కోసం యంత్రానికి మర్యాద నేర్పారు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్నగారికి చెబితే ఆయన టైపు మిషన్ మీంచి తలెత్తకుండా, "సూసేవా? పెద్దోలే సదివేరు" అన్నారు. తర్వాత వారమంతా కూర్చుని ప్రతి ఆజ్ఞా కొట్టి చూసి మరీ మాన్యువల్ శుభ్రం చేశాను.

పెద్దాయన ఆ పనిలోంచి తప్పుకుని చాలాకాలమైంది. నేను ఉద్యోగంలో పైకొచ్చాను. నా కింద పనిచేసేవాళ్ళకి 'పంపు', 'మార్చు' అని ఒక్క ముక్క మెయిళ్ళు పడేస్తుంటాను (నాన్నగారు చూస్తే కళ్ళజోడు తీసేస్తారు). మొన్న ఆ సాధనం చూసుకుంటున్న కొత్తవాళ్ళలో ఒకరు పట్టికలో ఉన్న అందరికీ మెయిలు పెట్టారు: 'కైండ్లీ గురించి ఈ ప్రోగ్రాములో ఓ లైనుంది. ఎందుకుందో ఎవరికీ తెలియదు. తీసేద్దామా?'

ఒక్క దెబ్బతో లోకానికంతా మర్యాద నేర్పబోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇప్పుడు నాకే ఆ మాట అలవాటు తప్పింది కాబట్టి, ఒక్కో అక్షరం చూసుకుంటూ జవాబు కొట్టాను: 'కైండ్లీ డు నాట్ రిమూవ్.'