నలభై ఏళ్ల సీసా

అశ్వారావుపేట వెళ్తుంటే అడవి దారిలో జీపు టైరు పంచరైంది. సెల్‌ఫోన్‌కి సిగ్నల్ లేదు. చెక్కపెట్టె ఒళ్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాను. అందులో ఉన్నది నలభై ఏళ్లనాటి ఫ్రెంచి వైన్. ఓ పామాయిల్ తోటల ఆసామి మా షాపు ద్వారా తెప్పించుకుంటే, ఇచ్చి రావడానికి వెళ్తున్నాను. ఖరీదు నా ఏడాది జీతం కంటే ఎక్కువ.

అప్పుడే జీలుగుచెట్టు దిగిన ఓ కోయ తాత ఆకుదొప్పలో కల్లు పోసిచ్చి, తనూ ఓ దొప్పలో పోసుకున్నాడు. తాగబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ముందుగాల పెద్దలకు, సారూ."

చనిపోయిన పెద్దల కోసం రెండు చుక్కలు నేల మీద వంచాకే తాగనిచ్చాడు. పెట్టెలో ఏముందని అడిగితే చెప్పాను.

"నలభై ఏండ్లా? మా కల్లు పొద్దుగూకేసరికే పులుస్తది. ఎప్పుడు తాగుతరు మరి?"

"తాగరు తాతా. ఎంత పాతబడితే అంత విలువ. అద్దాల బీరువాలో దాచుకుంటారు."

"పెద్దలకన్నా పోసిండ్రా?"

"అసలు మూతే తియ్యలేదు."

తాత ముఖం వాడిపోయింది. "నలభై ఏండ్ల సంది ఆళ్లను గట్లనే కూసోబెట్టిండ్రా?"

అతను తన దొప్పలోని కల్లంతా నా కాళ్ల దగ్గర నేల మీద పోశాడు.

"ఆ సారు పెద్దలకు. ఇయ్యాలటికి ఇది తాగుతరు."

సాయంత్రం ఎలాగో అశ్వారావుపేట చేరాక, ఆసామి పెట్టె అందుకుంటుంటే, "మీ తాతగారి పేరేంటండీ?" అని అడిగాను. ఎందుకడిగానో నాకిప్పటికీ తెలియదు.