లినక్సులో రెండువందల పన్నెండు గుమ్మాలు

పోస్టమ్మ అసలు పేరుతో ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ పని పడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే బీటులో ఉత్తరాలు పంచిన మనిషిని జనం ఇంకేమని పిలుస్తారు? ఆమె రిటైరై ఆరేళ్ళయింది, మోకాళ్ళు రెండూ మొరాయించి మూడేళ్ళయింది, పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు కూతురింట్లో, రెండో అంతస్తులో, వీధివైపు గదిలో ఉంటోంది. కిందికి దిగాలంటే ముప్పై నాలుగు మెట్లు. లిఫ్టు లేదు. అల్లుడు లిఫ్టు మెకానిక్కు. దీనిమీద ఆ ఇంట్లో జోకులు వేసీ వేసీ అరిగిపోయాయి కాబట్టి మనం కొత్తగా వేయనక్కర్లేదు.

అల్లుడు మంచివాడే, మాటలే పొదుపు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో అత్తగారితో మాట్లాడినవన్నీ ఒక కార్డు మీద రాస్తే ఇంకా చిరునామాకు చోటు మిగులుతుంది. "తిన్నారా అత్తయ్యా?" "తిన్నాను బాబూ." అంతటితో సరి. అలాంటి మనిషికి ఒక్క విషయంలో మాత్రం నోటికి తాళం ఉండేది కాదు. అది లినక్స్. కంప్యూటరును నడపడానికి లోకమంతా ఒకటి పెట్టుకుంటే ఆయన ఇంకొకటి పెట్టుకున్నాడు. అది ఉచితమనీ, ఎవడబ్బ సొత్తూ కాదనీ, డొక్కు పెట్టెలో కూడా పరిగెడుతుందనీ ఆయన వాదన. చిక్కల్లా ఏమిటంటే, ఆటలు తయారుచేసే వాళ్ళలో చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. వాళ్ళ ఆట అక్కడ ఆడాలంటే మధ్యలో ఒక ప్రోగ్రాము కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేయాలి. అది ఎవరికీ కనపడని ఫోల్డరులో ఒక ఉత్తుత్తి ఇల్లు కట్టి, గదులూ అరలూ ఆటకు అలవాటైనట్టే అమర్చి, "ఇది నీ ఇల్లే" అని నమ్మిస్తుంది. ఆట నమ్మేసి హాయిగా నడుస్తుంది. ఇదంతా కుదిరేసరికి అల్లుడికి ఆదివారం గడిచిపోయేది. "ఈయన ఆట ఆడటం నేనెప్పుడూ చూడలేదమ్మా. ఆట తెరుచుకునేలా చెయ్యడమే ఈయన ఆట" అనేది కూతురు.

పోస్టమ్మకు వేరే ఆట ఉండేది. పొద్దుపోకపోతే కళ్ళు మూసుకుని బీటు తిరిగి వచ్చేది. పోస్టాఫీసులో పొద్దున్నే ఉత్తరాలను గూళ్ళలో సర్దేది నెంబర్ల ప్రకారం కాదు, నడిచే వరస ప్రకారం. అందుకని ఫలానా ఇల్లెక్కడ అని ఉన్నపళంగా అడిగితే ఆమె చెప్పలేకపోయేది. సందు మొదట్లో నిలబెడితే కాళ్ళే చెప్పేవి. ఈ గుమ్మం ఆ గుమ్మాన్ని పిలిచేది, అది ఇంకోదాన్ని. అలా రెండువందల పన్నెండు.

ఒకరోజు మోకాళ్ళ డాక్టరు దగ్గర బెంచీ మీద కూర్చుని అలాగే తిరుగుతుంటే, మూడో సందులో నీలం గేటు దాటాక ముందు ఏ ఇల్లూ కనబడలేదు. తెల్లగా ఉంది, అంతే. సందు మొదటికి వచ్చి మళ్ళీ నడిచింది. మళ్ళీ అక్కడే ఆగింది. ఆమెకు భయం వేసింది. మర్నాడు మొహం కడుక్కుంటుంటే ఆ ఇల్లు దానంతటదే వచ్చింది గానీ భయం పోలేదు. తన తల్లి చివరి రోజుల్లో కన్నకూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అని అడిగిన సంగతి ఆమె మరిచిపోలేదు. ఒక్క గుమ్మం పోతే దాని వెనకాలవన్నీ పోతాయి. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, కూతురికైతే అసలే చెప్పలేదు.

ఆ ఆదివారమే అల్లుడి తెరమీద ఒక ద్వీపం చూసింది. చుట్టూ సముద్రం, నిండా పొగమంచు. అందులో వీధులు వేసుకోవచ్చు, ఇళ్ళు కట్టుకోవచ్చు, వేలెడంత మనిషిని వాటి మధ్య నడిపించవచ్చు.

"బాబూ, ఈ ఇళ్ళు మనకు నచ్చినట్టు కట్టుకోవచ్చా?"

"తలుపు రంగు కూడా మార్చుకోవచ్చు అత్తయ్యా" అన్నాడు అల్లుడు. వారం తిరక్కుండా తన పాత కంప్యూటరు తెచ్చి ఆమె కిటికీ పక్కన పెట్టాడు. ఆట కూడా పాతదే, డిస్కుమీద కొన్నది.

అప్పటినుంచి రోజూ భోజనాలయ్యాక పోస్టమ్మ బయల్దేరేది. ఎడమచేతి కింద మీటలు, కుడిచేతి కింద మౌసు. కాసేపటికి చేతులు మాయమై కాళ్ళు వచ్చేవి. నొప్పిలేని కాళ్ళు. ఆటలో పొద్దెక్కేకొద్దీ మంచు విడిపోవాలట. మధ్యవర్తి ప్రోగ్రాముకు ఆ ముక్క ఎందుకో అర్థం కాక, ఎంత పొద్దెక్కినా మంచు అలాగే ఉండేది. అల్లుడు బాగుచేస్తానన్నాడు. ఆమె ససేమిరా వద్దంది. ఒక్కో ఇల్లూ ఆ తెలుపులోంచి మెల్లగా బయటికొచ్చి, ఆమె దాటిపోయాక మళ్ళీ మెల్లగా అందులోకే వెళ్ళిపోయేది. ఎవరూ ఎదురుపడని ఆ వీధుల్లో ఆమె గంటలు గంటలు నడిచింది. ఎంత సుఖంగా ఉండేదంటే, కూతురు వచ్చి లైటు వేస్తే ఆమె నిజంగానే చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవరింటికొచ్చాను?" అన్నట్టు చూసేది.

అల్లుడు పనినుంచి వచ్చి, పానాల సంచీ భుజాన ఉండగానే, గుమ్మంలో ఒక నిమిషం నిలబడేవాడు. ఆమె ఆ రోజు కట్టిన ఇళ్ళ కబుర్లు చెప్పేది. ఈ మేడాయన ప్రతి ఉత్తరాన్నీ ముందు వాసన చూసేవాడు. ఈ ఇంటి అక్కాచెల్లెళ్ళు ఒకే గోడకు రెండు ఉత్తరాల డబ్బాలు తగిలించి, ఎవరికెక్కువ వచ్చాయో పోట్లాడుకునేవారు. అల్లుడు "ఊఁ" అనేవాడు. ఆయన చెవులు పెట్టె లోపలి ఫ్యాను చప్పుడు మీద ఉన్నాయేగాని తన మాటమీద లేవని ఆమె గట్టి నమ్మకం. అయినా చెప్పేది. గోడకు చెప్పుకోవడం కంటే నయం కదా.

ఏడు నెలల్లో నూటఎనభై ఏడు గుమ్మాలు లేచాయి. ఇంక పాతిక. అవి కూడా కట్టేస్తే తర్వాత తలకు ఏమైనా పర్వాలేదు, బీటు ఎక్కడో ఒకచోట ఉంటుంది అనుకుంది.

ఒక ఆదివారం ఉదయం, కూతురు బజారుకు వెళ్ళినప్పుడు, ఆట తెరుచుకోలేదు. ముందురోజు అల్లుడు లినక్సుకు ఏవో కొత్త మార్పులు ఎక్కించాడు. తెర నల్లగా ఉండిపోయింది. "చూస్తాను అత్తయ్యా" అని ఆయన కూర్చున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి, రెండు కప్పులూ పళ్ళెంలో పెట్టుకుని ఒక చేత్తో గోడ పట్టుకుంటూ తిరిగి వచ్చేసరికి తెర మీద ద్వీపం ఉంది. ఇళ్ళు లేవు. అల్లుడు మీటలమీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అత్తయ్యా, మీకొక మాట చెప్పాలి."

పద్దెనిమిదేళ్ళలో ఆయన ఇలా మొదలుపెట్టడం ఎరగదు కాబట్టి ఆమె కప్పులు కింద పెట్టి మంచం మీద కూర్చుంది.

"మీ ఇళ్ళు పోయాయి. నేనే తీసేశాను. ఆట మొండికేస్తే ఆ ఉత్తుత్తి ఇల్లు మొత్తం తీసిపారేసి కొత్తది కట్టించడం నాకు అలవాటు. నా ఆటలకు ఏమీ కాదు, అవి దాచుకునేది బయటెక్కడో. మీది పాత ఆట. అన్నీ ఆ ఇంట్లోనే దాచుకుంది. నేను చూసుకోలేదు."

"తీసేసినవి కంప్యూటరు చెత్తబుట్టలో ఉంటాయన్నారుగా ఒకసారి?"

"చేత్తో తీస్తే బుట్టలో పడతాయి. నేను కమాండు కొట్టాను. కమాండు కొడితే ఇంక అంతే. లిఫ్టు దగ్గరైతే పైనా కిందా 'పని జరుగుతోంది' అని బోర్డు తగిలించనిదే తీగ ముట్టుకోను. ఇక్కడ వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి."

ఆమెకు కోపం వచ్చింది. అంతా ఇంతా కాదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క ఉత్తరం పోగొట్టని మనిషి ఆమె.

"మళ్ళీ కట్టుకుందాం అంటారు. అంతేగా?"

"నేనేమీ అనలేదు అత్తయ్యా."

"కట్టాలంటే గుర్తుండాలిగా బాబూ." ఆ మాట జారాక మిగతావి ఆగలేదు. డాక్టరు గారి బెంచీ, నీలం గేటు, ఆ తెలుపు, తల్లి అడిగిన ప్రశ్న, అన్నీ చెప్పేసింది. "నాకు భయంగా ఉంది" అంది చివరికి.

"మీ అమ్మాయికి తెలుసా?"

"మీకే చెప్పాను."

అల్లుడు లేచి కుర్చీ ఆమెకు వదిలి, తాను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. "మొదటి సందునుంచి నడవండి" అన్నాడు.

గుర్తొచ్చిన చోటల్లా ఒక్కో ఇల్లు పెట్టుకుంటూ ఆమె నడిచింది. మంచు మాత్రం ఎక్కడికీ పోలేదు, అదే తెలుపు, అదే సముద్రం. మొదటి సందు నీళ్ళలా వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడో సందులో నీలం గేటు దగ్గర నడక నెమ్మదించింది గానీ, దాని పక్కిల్లు కూడా వచ్చి నిలబడింది. నాలుగో సందులో తొమ్మిదో గుమ్మం తర్వాత ఆమె చెయ్యి ఆగిపోయింది. ఏమీ లేదు. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచింది. లేదు. మూడోసారి వెనక్కి వెళ్ళడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. అయిపోయిందనుకుంది. ఇంక ఇక్కడినుంచి చివరిదాకా అన్నీ పోయినట్టే.

"ఆకుపచ్చ తలుపు" అన్నాడు అల్లుడు.

ఆమె తల తిప్పి చూసింది.

"దానికి డబ్బా ఉండదు. తలుపు కిందనుంచి తోసెయ్యాలి. లోపల చూపులేని ఆవిడ ఒక్కతే ఉండేది. మీరు గడపమీద కూర్చుని చదివి పెట్టేవారు. ఒకసారి వాళ్ళ తమ్ముడు పోయాడని ఉత్తరం వచ్చింది. ఆ రోజు ఆవిడకు జ్వరం. మీరు అది చదవకుండా, అందరూ బాగున్నారని చదివారు. నాలుగు రోజులాగి, జ్వరం తగ్గాక మళ్ళీ వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చదివారు."

"ఇది నేను చెప్పానా?"

"చెప్పారు. ఆ ఇల్లు కట్టిన రోజున. నాలుగు రోజులూ అన్నం సయించలేదన్నారు."

పోస్టమ్మ వెతుక్కుంది. ఆవిడ ముఖం లేదు, గడప లేదు, జ్వరం లేదు, ఆ ఉత్తరం అంతకన్నా లేదు. ఇంత పెద్ద సంగతి తన బతుకులోంచి ఎలా జారిపోయిందో ఆమెకు తెలియలేదు. కానీ అలాంటి పని తను చేసే ఉంటుంది. తన పనిలాగే ఉంది. పైగా, రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి ఇంత కథ కల్పించలేడు. ఏడు నెలలు సంచీ కూడా దించకుండా ఈయన విన్నాడు.

ఆమె ఇల్లు పెట్టింది. తలుపుకు ఆకుపచ్చ రంగు వేసింది. ఎంతసేపు చూసినా అది ముక్కూమొహం తెలియనివాళ్ళ గుమ్మంలాగే ఉంది. సరే అనుకుని దాని ముందునుంచి రెండడుగులు వేసింది. కాళ్ళు మూడోది వాటంతటవే వేశాయి.

"తర్వాతది మెట్లకింద ఇల్లు బాబూ" అంది పోస్టమ్మ. "వంగి వెళ్ళాలి."