డాక్టరమ్మ చదువు

డాక్టర్ వర్ణికకు ఒకచోట కుదురుగా కూర్చునే యోగం లేదు. పొద్దున జూబ్లీహిల్స్ ఆసుపత్రిలో ఎముకల వైద్యం, మధ్యాహ్నం నుంచి పరిశోధన పట్టా కోసం చదువు. ల్యాబులో పుట్టిన ఓ కొత్త మందు ఎలుకల్లో పనిచేసింది. మనుషుల మోకాళ్లలో పనిచేస్తుందో లేదో ఆమె తేల్చాలి. రెండు పడవల మీద కాళ్లెందుకే అని తల్లి శారదాదేవి పోరుతూనే ఉంది. వర్ణిక వింటే కదా!

మందు వేయించుకోవడానికి ఒప్పుకున్నది కృష్ణానగర్‌లో ఉండే సినిమా గ్రూప్ డాన్సర్లు, గెంతి గెంతి మోకాళ్లు అరగదీసుకున్నవాళ్లు. వచ్చినప్పుడల్లా నొప్పి ఎంతుందో పదికి ఒక అంకె చెప్పాలి. నెలలు గడిచేకొద్దీ అందరి అంకెలూ తగ్గాయి. వాళ్లలో బాలమణి అయితే గొంతుక్కూర్చుని లేచి, నవ్వి మరీ చూపించింది. వర్ణిక గాల్లో తేలిపోయింది. చదువు చెప్పే వెంకటాచలంగారు మాత్రం, ఇంత బాగుంటే నాకు భయమేస్తుందమ్మా అన్నారు. ఆ మాట ఆమెకు తిండి సయించనివ్వలేదు.

చివరికి ఉండబట్టలేక, చెప్పాపెట్టకుండా కృష్ణానగర్ వెళ్లింది. ఇరుకు సందులో బాలమణి తన గది మెట్లు దిగుతోంది. గోడ పట్టుకుని, అడ్డంగా తిరిగి, మెట్టు మెట్టుకీ ఆగుతూ. డాక్టరమ్మను చూడగానే నిటారుగా నిలబడి నవ్వింది. వర్ణిక ఎదురెళ్లి చెయ్యి అందించింది.

"ఎప్పట్నుంచి ఇలా ఉందండీ?"

"మొదట్నుంచి గిట్లనే ఉంది. మేం నొప్పి అంటే మీరు పరీక్ష ఫెయిలైతరని అందరం మాట్లాడుకున్నం. కాలు బెణికినా కెమెరా ముందర నవ్వుడు మాకు అలవాటే. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

కోపం రావలసిన చోట వర్ణికకు ఏడుపొచ్చింది. మోకాలు పట్టి చూడాల్సిన తను అంకె రాసుకుని ఊరుకుంది. ఆ అంకెలే అచ్చయితే తనకు పట్టా వస్తుంది, రేపు ఇంకెందరి మోకాళ్లలోకో పనిచేయని మందు ఎక్కుతుంది. అక్కడే నిలబడి వెంకటాచలంగారికి ఫోన్ చేసింది. ఫలితాలు నిలవవనీ, మళ్లీ మొదటికొచ్చామనీ చెప్పేసింది.  ఆయన సరేనమ్మా అన్నారు.

వర్ణిక మెట్టు మీద కూలబడి, బాలమణిని పక్కన కూర్చోబెట్టుకుని మోకాలు పట్టి చూసింది. బాగా వాచింది.

"నా పరీక్ష సంగతి వదిలెయ్యండి. నిజం చెప్పండి, ఎంత నొప్పి?"

బాలమణి ఆమె మొహంలోకి కాసేపు చూసింది, షాటుకు ముందు డైరెక్టరు వైపు చూసినట్టు.

"ఎంత చెప్తే మీకు మంచిగుంటది, మేడం?"