విమానం మూడు గంటలే అన్నాను

2022 ఎండాకాలం. నర్సాపురం అవతల సముద్రం ఒడ్డున ఒక రొయ్యల హేచరీలో ప్యాకింగ్ చేస్తున్నాను. హేచరీ అంటే గుడ్ల నుంచి రొయ్య పిల్లని తీసి చెరువుల వాళ్ళకి అమ్మే చోటండి. నేను నాలుగో తరగతితో ఆపేశాను. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమనుకోకండి.

ప్యాకింగ్ అంటే కవర్లో నీళ్ళు పోసి, పిల్లని వేసి, ఆక్సిజన్ నింపి, రబ్బరు బిగించి థర్మాకోల్ పెట్టెలో పెట్టడం. దగ్గర ఊరైతే పిల్ల చిక్కగా వేస్తాం, దూరమైతే పల్చగా. చిక్కగా ఉంటే ఆక్సిజన్ తొందరగా అయిపోద్ది.

రామచంద్రపురం ఆయన, సూర్రావు గారని, సూరత్ దగ్గర చెరువు లీజుకి తీసుకున్నారు. ముందు పంట జబ్బొచ్చి పోయింది. "ఇదీ పోతే చెరువు వదిలేసుకోవాలండి" అన్నారు. పిల్లని విమానంలో పంపమన్నారు. విమానం ప్యాకింగులన్నీ మా సూపర్‌వైజర్ గారే చూసుకునేవారు. ఆ రోజు ఆయన సెలవు. నేను ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, రాజమండ్రి నుంచి సూరత్ విమానం ఎంతసేపని ఫోన్‌నే అడిగాను. వెయ్యి కిలోమీటర్ల పైన దూరం, రెండు విమానాలు కలిపి గాల్లో మూడు గంటలని తేలింది. చిక్కగా వెయ్యమన్నాను.

నాతో పని చేసే మంగ చెయ్యి ఆపింది. "పల్చగా వెయ్యక్కర్లేదా అన్నా? సూరత్ అంటే ఎక్కడో కదా."

"ఇది ఎగురుద్దే. నువ్వు భీమవరంలో చీర బేరం తెమిలేలోపు అక్కడుంటాయి."

అందరూ నవ్వారు. మంగ కూడా నవ్వి చిక్కగానే వేసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి కవర్లు కట్టాం. వ్యాన్ రాజమండ్రి వెళ్ళాలి, పెట్టెలు ముందే అప్పజెప్పాలి, రెండో విమానం కోసం తెల్లారేదాకా హైదరాబాదులో ఆగాలి, సూరత్‌లో దిగాక చెరువు దాకా మళ్ళీ వ్యాన్. ఇవేమీ నేను అడగలేదు.

మర్నాడు పన్నెండింటికి సూర్రావు గారి ఫోన్. "పిల్ల చెరువులో వదిలానండి. అడుగున పడిపోయి లేవట్లేదండి."

"కవర్లు ఎన్నింటికి విప్పారు?"

"పదకొండుకండి. అప్పుడే నీరసంగా ఉన్నాయి. అలిసిపోయాయేమో అనుకున్నాను."

వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇరవై రెండు గంటలు. నాకు అర్థమైపోయింది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది. "కవర్లు అరగంట నీళ్ళ మీద తేలనిచ్చారా? చెరువు వేడికి పిల్ల అలవాటు పడాలి కదండి."

"పావుగంటే ఉంచానండి. నాదే తప్పు."

వెనకాల వాళ్ళావిడ గొంతు వినపడింది. "తొందరొద్దని చెప్తూనే ఉన్నానా? చేతులారా చంపేశారు."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. ఫోన్ పెట్టేశాను. ఆ నెలలోనే ఆయన చెరువు వదిలేశారంట.

ఇప్పుడు నేను విమానం ఎంతసేపని ఎవర్నీ అడగను. మీ గట్టు మీద కవరు ఎన్నింటికి విప్పుతారండి, అని అడుగుతాను. పని వరకు నేర్చుకున్నాను.

పోయినేడు సూర్రావు గారు మళ్ళీ ఫోన్ చేశారు. అక్కడే వేరే వాళ్ళ చెరువు మీద జీతానికి ఉన్నారంట. పిల్ల కావాలన్నారు, పల్చగా కట్టి పంపాను. వదిలాక ఫోన్ చేసి, "మీరు అరగంటన్నారు కదా, ఈసారి కవర్లు గంట తేలనిచ్చానండి. ఒక్కటీ పోలేదు. ఆ రోజు నాకు బుద్ధొచ్చింది" అన్నారు.

"మంచిదండి" అన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు.