ముగ్గురు అధ్యక్షుల దేశం

మలేషియాలో ఇపో అనే ఊరికి వెళ్లే బస్సులో నా పక్కన, కప్పుకి తల ఆనేంత పొడుగు బోస్నియా లెక్చరరు. వెనక సీట్లో అక్కడే పుట్టిన సరోజమ్మ. వాళ్ల గుడి అధ్యక్ష పదవి కోసం ఆవిడ భర్తతో కలిపి ముగ్గురు మహాయుద్ధం చేస్తున్నారట. ఇవాళ తేలకపోతే ఉత్సవం ఆగిపోతుందట.

నేను ఇంగ్లీషులో చెబితే లెక్చరరు నవ్వాడు. "మా దేశానికి జాతికొకరు చొప్పున ముగ్గురు అధ్యక్షులు. ఎనిమిది నెలలకొకరు పెద్దకుర్చీ ఎక్కుతారు. మా నాన్నది బోస్నియాక్ ముస్లింల పార్టీ. మనం గెలవకపోతే మన జాతే మిగలదని భయపెడుతుంది. సెర్బుల పార్టీ, క్రొయాట్ల పార్టీ కూడా అంతే. చివరికి అందరూ గెలుస్తారు!"

అది తెలుగులో వినగానే సరోజమ్మ భర్తకి ఫోన్ కొట్టి, మలేషియావాళ్లు మాట చివర తగిలించే 'లా'తో అరిచింది. "ఇంకా తగువేటి లా? ముగ్గురూ వంతులేసుకోండి!"

బస్సు అద్దాలు అదిరేలా ఫోన్లో అవతల మూడు గొంతులు ఒక్కసారే లేచాయి. "మొదటి వంతు నాదే!"

లెక్చరరు నన్ను అనువాదం కూడా అడగలేదు. "అచ్చం మా దేశమే," అన్నాడు.