ఫ్యాను ఆపిన కొట్టు

తమిళనాట ధర్మపురి బస్టాండులో కుర్చీలన్నీ ఫ్యాన్లకు దూరంగానే వేస్తారు. గాలి కోసమే పక్కనున్న ఫోన్ల కొట్టులోకి వెళ్లాను. నా ఫోను చచ్చి రెండు రోజులైంది. పోయిన అమ్మమ్మ పాడిన జోలపాట అందులోనే ఉంది. షోరూములో కొత్తది కొనుక్కోమన్నారు.

నా వచ్చీరాని తమిళం విని కొట్టామె జాలిపడి తెలుగులోకి దిగింది. "బ్యాటరీనే పోయిండాది. నేను చెప్తా, మీరే మార్చండన్నా," అంటూ ఫ్యాను ఆపేసింది. స్క్రూలు ఎగిరిపోతాయట.

జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు వేడికి బంక కరిగి, నిద్రలో ఎవరో ఊపిరి వదిలినట్టు ఫోను వెనక మూత ఊడింది. కొత్త బ్యాటరీ పెట్టి పాట నొక్కాను. కదలని గాలిలో అమ్మమ్మ పాడుతుంటే నా బస్సు వెళ్లిపోయింది.

"ఇంత సులభమా! నేను చదివింది ఎలక్ట్రానిక్సే," అన్నాను.

ఆమె ఫ్యాను వేసింది. "కాలేజీలో నాలుగేండ్లు ఏమి చేసినారన్నా మరి?"