లేవాసా పళ్ళ సెట్టు

సవాయి దీవిలో ఆ తీరం పొడవునా లేవాసాకి సాటి వక్త లేడు. రేవు కోసం కొట్టుకోబోయిన రెండు ఊళ్ళను మాటలతోనే వెనక్కి పంపినవాడు. పెద్దల వంశావళి ఒక్క పేరు తడబడకుండా చెప్పగలవాడు. కొత్త చర్చి ప్రారంభానికి అతిథులు వస్తున్నారు. ఊరి తరఫున వక్తల కర్ర పట్టుకుని మాట్లాడాల్సింది ఆయనే. అలాంటివాడు టారో దుంప ముక్క మింగలేక పళ్ళెం నెట్టేశాడు.

"ఉప్పెక్కువేశావు."

"అసలు ఉప్పే వెయ్యలేదు," అంది భార్య పేపే. "నోరు చూపించమంటే చూపించవు, వంటకి వంకలు."

ఆమె కబురు చేస్తే లేవాసా అన్నకూతురు మాసినా వచ్చింది. నర్సు. పళ్ళ సెట్టు బలవంతాన తీయించింది. అంగిలి ఎర్రగా కంది, విరిగిన పాలలా తెల్లని పొరలు.

"పడుకునేటప్పుడూ తీయవా బాబాయ్?"

"వక్త బోసినోటితో పడుకుంటాడా?"

"ఉమ్మిలో చిన్న చిన్న ప్రోటీన్లుంటాయి. అవి ఈ తెల్లపొర కట్టే ఈస్ట్ అనే బూజు కణంలోకి దూరితే దాని సత్తువంతా బయటికి కారిపోయి కణం చస్తుంది. నువ్వేమో అంగిలికి మూతేశావు. ఇంక ఉమ్మి అక్కడికెలా పోతుంది?"

లేవాసా తలపట్టుకున్నాడు. సభలో తుంపర పడితే పరువు పోతుందని జన్మంతా గుడ్డతో నోరు తుడుచుకుని, గొంతు తడపకుండా మాట్లాడినవాడు. ఆ ఉమ్మే కాపలాదారట!

"మందు వేసుకో. నోటిపూత తగ్గేదాకా సెట్టు పెట్టుకోకు."

"అతిథులొచ్చేస్తున్నారే."

"రానీ."

అతిథులు వచ్చారు. నోటిపూత ఇంకా తగ్గలేదు. సెట్టు పేపే దగ్గరే ఉండిపోయింది, ఎంత అడిగినా ఇవ్వలేదు. ఎవరు మాట్లాడాలో తేల్చుకోవడానికి, ఆనవాయితీ ప్రకారం, వక్తలందరూ లేచి నిలబడ్డారు; మిగతావాళ్ళు ఒప్పుకుని కూర్చుంటే, చివరిదాకా నిలబడ్డవాడిదే కర్ర. కర్ర మీద ఎప్పట్నించో కన్నేసిన ఉలుఫాలే ముసిముసిగా నవ్వాడు.

"అన్నా, పళ్ళు మరిచిపోయినట్టున్నావు. కర్ర నాకిచ్చి కూర్చో."

"మరిచిపోలేదు తమ్ముడూ, సెలవిచ్చాను. మన పూర్వీకుల పేర్లు పళ్ళతో పలుకుతావా నువ్వు? ఏదీ, మొదటి నుంచీ చెప్పు."

ఉలుఫాలే నాలుగో తరం దగ్గరే ఆగిపోయాడు. మిగతా వక్తలు నవ్వాపుకుంటూ ఒక్కొక్కరే కూర్చున్నారు. చివరికి అతనూ కూర్చున్నాడు.

లేవాసా కర్ర నేలకి ఆనించి మొదలుపెట్టాడు. మాటలు కాస్త మెత్తగా వచ్చాయి గాని పేరు ఒక్కటీ తప్పలేదు. మధ్యలో తుంపర ఎగిరి ముందు వరసలో కూర్చున్న ఉలుఫాలే చేతిమీద పడింది. లేవాసా చెయ్యి అలవాటుగా గుడ్డ కోసం వెళ్ళింది. వెనక వరసలోంచి మాసినా గుర్రుగా చూసింది. ఆయన విసుగ్గా గుడ్డ వదిలేసి, తడి పెదాలతోనే తర్వాతి పేరు అందుకున్నాడు.